అప్‌డేట్: బీబీసీ మైక్రోలో పొగ వచ్చింది, పాపం ర్యామ్‌ది కాదు

ఒంగోల్లో పాత సామాన్ల కొట్లో కొన్న బీబీసీ మైక్రో మోడల్ బి (1980ల నాటి బ్రిటిష్ హోమ్ కంప్యూటర్) ఆన్ చేసిన పది నిమిషాలకు గుప్పున పొగ వదిలిందని, కారణం ఏమై ఉంటుందని ఇంతకుముందు అడిగాను కదా. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"ముందు పవర్ సప్లైలో రీఫా కెపాసిటర్ (రీఫా కంపెనీ చేసిన, కరెంటు లైన్‌లోని రొదను వడకట్టే చిన్న భాగం) చూడు" అని మీలో ఒకరు చెప్పిన మాటే నిజమైంది. నాకు కరెంటు వైపు చెయ్యి పెట్టాలంటే భయం, అందుకే మా వీధి టీవీ మెకానిక్ బాబాయ్ చేత విప్పించాను. తేనె రంగు డబ్బీ లాంటి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒంటి నిండా బీటలు, ఒక పక్క పగిలి జిగురు కారింది. ఏళ్ల తరబడి ఆ బీటల్లోంచి తేమ లోపలికి పోయి ఇలా పేలుతుందట. మన సముద్రపు గాలికి చెప్పాలా! పక్కనున్న 0.01ది పేలలేదు కానీ దాన్నీ మార్చేశాం. రెండింటికీ ఎక్స్2 రకమే (నేరుగా మెయిన్స్ కరెంటు మీద వాడే భద్రమైన రకం) వేయించాను, మామూలువి పెట్టకండి.

ర్యామ్ (మెమరీ) పోయిందేమో అనుకుని ఆ చిప్పులు అనవసరంగా పీకాను. కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమో అని స్టెబిలైజర్ కొన్న డబ్బులు దండగ, మా ఆవిడ ఇంకా దెప్పుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్న అనుమానం కూడా తప్పే.

నిన్న రాత్రి పాత టీవీని ఈ కంప్యూటర్ బొమ్మ వచ్చే 36వ ఛానెల్‌కి ట్యూన్ చేసి స్విచ్ వేశాను. రెండు స్వరాల బీప్, తర్వాత తెర మీద "బీబీసీ కంప్యూటర్ 32కే" అని వచ్చింది. గంటసేపు ఆన్‌లోనే ఉంచాను. పొగ లేదు, ఆ కాలిన వాసన మాత్రం గదిలో ఇంకా పోలేదు.