పిల్లలు ఇంట్లో చేసుకున్న చిట్టి పుస్తకంలో తప్పులు దిద్దాలా, వద్దా?

రాజమండ్రి అమ్మ:
మా ఇంట్లో తేలని విషయం, ఇక్కడ పెడుతున్నాను. మా పాప ఒకటో తరగతి. సెలవుల్లో ఫోన్ ఇవ్వకుండా ఉండాలని చిట్టి పుస్తకాలు చేయడం నేర్పాను. ఏ4 కాగితాన్ని మూడు మడతలు వేస్తే ఎనిమిది గళ్లు పడతాయి కదా, విప్పి, అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత మీద సగం దాకా కత్తిరించి, మళ్లీ విప్పి పొడుగ్గా మడిచి రెండు చివర్లనీ లోపలికి నెడితే అట్టతో కలిపి ఎనిమిది పేజీల పుస్తకం తయారు. జిగురూ అక్కర్లేదు, స్టాప్లరూ అక్కర్లేదు. అందులో బొమ్మ వేసి కింద ఒక్కో వాక్యం రాస్తుంది. మొన్న వీధి కుక్కపిల్ల మీద రాసింది, "కుకపిల వనలో తడిసిది" అని. మా ఆయన ఎర్ర పెన్ను తీసి ఒత్తులు, దీర్ఘం, సున్నా అన్నీ పెట్టేశారు. పాప ఆ పుస్తకం మళ్లీ ముట్టుకోలేదు. నోటుబుక్కులో దిద్దండి, డిక్టేషన్ చెప్పి దిద్దండి, తను చేసుకున్న పుస్తకం మీద మాత్రం పెన్ను పెట్టొద్దు అంటాను నేను. మీరేమంటారు?

హన్మకొండ నాన్న:
మీ ఆయన చేసింది తప్పేం కాదు అక్కా. తెలుగులో దీర్ఘం ఎగిరిపోతే వాన వన అవుతుంది, పాలు పలు అవుతుంది, అర్థమే మారిపోతుంది. పైగా మనది పలికినట్టు రాసే భాష, పిల్ల "కుక" అని రాసిందంటే ఒత్తు చెవికి పట్టలేదని అర్థం, దాన్ని అక్కడే సరిచేయాలి. మూడో తరగతికి వచ్చినా ఒత్తులు మింగేసే పిల్లలు మా చుట్టాల్లోనే ఉన్నారు, చిన్నప్పుడు ముద్దు చేసి వదిలేసినందుకే. తప్పు చేతికి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. క్రాఫ్ట్‌ని క్రాఫ్ట్‌లా చేయించండి, రాతను రాతలా నేర్పండి.

పలకా బలపం:
నేను ప్రభుత్వ బడిలో చిన్న తరగతులకు చెబుతాను. తమ్ముడూ, ఆ పాపని "కుక్కపిల్ల" అని ఒకసారి పలకమనండి, రెండు ఒత్తులూ చక్కగా పలుకుతుంది. చెవి బాగానే ఉంది. చిక్కంతా గుర్తుతోనే. ల ఒత్తు, మ ఒత్తు, త ఒత్తు చూడండి, అసలు అక్షరాన్ని పోలి ఉండవు, ప్రతిదీ కొత్తగా నేర్చుకోవాల్సిందే, దానికి టైమ్ పడుతుంది. వేళ్లకి పట్టు కూడా రావాలి. కాగితం చింపి అతికించడం, చపాతీ పిండి పిసకడం, నేల మీద సుద్దతో పెద్ద అక్షరం గీసి దాని మీద చింతగింజలు పేర్చడం, ఇవన్నీ రాతలో భాగమే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే రెండో తరగతి వరకూ, ఒకే దశగా పెట్టి ఆటపాటలతో, చేతి పనులతో చదువు సాగాలనే చెప్పింది. ఇక దిద్దడం అంటారా, నేను పిల్లల పేజీ మీద గీత గీయను. అదే వాక్యం ఒక చీటీ మీద సరిగ్గా రాసి పక్కన పెడతాను. వాళ్లే రెండూ చూసుకుని "టీచర్, ఇక్కడ ఇదేంటి?" అని వేలు పెట్టి అడుగుతారు.

డాలస్ తెలుగమ్మాయి:
మావాడు తెలుగు మాట్లాడతాడు కానీ రాయమంటే పారిపోతాడు, ఆదివారం తెలుగు క్లాసు హోంవర్క్ అంటే ఏడుపే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఒక్కో బొమ్మ ముందు పేరు చీటీ రాసి పెట్టే పని వాడికిచ్చాను. కొండపల్లి అంబారీ ముందు "ఎనుగు" అనీ, ఏటికొప్పాక బొంగరం ముందు "బోగరం" అనీ రాశాడు. అలాగే ఉంచాం. పేరంటానికి వచ్చినవాళ్లంతా పైకి చదివారు, వాడి మొహం వెలిగిపోయింది. వాటిని దిద్ది ఉంటే మళ్లీ పెన్సిల్ పట్టేవాడు కాదు.

హన్మకొండ నాన్న:
టీచర్ గారూ, చీటీ పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ డాలస్ అక్కా, పెద్దాళ్లంతా మెచ్చుకుంటూ చదివితే "బోగరం" అన్నదే కరెక్ట్ అని వాడికి ఖాయమైపోదా? మరి ఎప్పుడు చెబుతారు? ఎనిమిదేళ్లకా, పదేళ్లకా? అది ఎవరూ చెప్పడం లేదు.

రాజమండ్రి అమ్మ:
చదివేవాళ్లు ఉంటే పిల్లలే సరిచేసుకుంటారని నా నమ్మకం. ఏడో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో ఒక పని ఉండేది. తెల్ల కాగితానికి తడిపిన పసుపు పూసి ఆరబెట్టి, సబ్బు నీళ్లలో ముంచిన పుల్లతో రాస్తే అక్షరాలు ఎర్రగా తేలతాయి, సబ్బులో క్షారం ఉంటుంది కాబట్టి. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేదీ అందుకే. మా పాప అలా వాళ్ల తాతయ్యకి "తతయ్య, మా ఇటికి రా" అని రాసింది. ఆయన నిజంగానే తడుముకుని "ఇటికి అంటే ఎక్కడికే?" అన్నారు. వెంటనే ఇంకో కాగితం అడిగి, నన్ను సున్నా ఎక్కడ పెట్టాలో చూపించమని, మళ్లీ మొత్తం రాసింది. ఎవరూ పెన్ను పట్టలేదు. చేయించేవాళ్లు పిల్లలకి పాత బట్టలు వేయండి, పసుపు మరక ఒక పట్టాన పోదు. బట్టల సబ్బు అయితే రంగు బాగా వస్తుంది.

హన్మకొండ నాన్న:
ఈ ఆదివారం మావాడితో ఈ పసుపు ఉత్తరం చేయిస్తాను. వాళ్ల నానమ్మకి రాయిస్తాను. కానీ టీచర్ గారు చెప్పిన చీటీ మాత్రం పక్కన పెట్టే తీరతాను, నానమ్మ అడిగినా అడగకపోయినా.