‘ఉద్గారం’ అంటే త్రేన్పు కదా, మరి మున్సిపాలిటీ ఏం తగ్గించాలి?

అనువాదాల తిప్పలు:
అందరికీ నమస్కారమండీ. స్థానిక సంస్థల సభ్యుల కోసం ఒక చిన్న శిక్షణ పుస్తకం తెలుగు చేస్తున్నా, భూమిని వేడెక్కించే వాయువుల్ని మున్సిపాలిటీ తన చేతిలో ఉన్న పనుల్తోనే ఎలా తగ్గించొచ్చు అనేది విషయం. ఇంగ్లీషులో "గ్రీన్‌హౌస్ గ్యాస్ ఎమిషన్స్" అని ఉంటే, పేపర్లలో చూసి "హరితగృహ వాయు ఉద్గారాలు" అని పెట్టేశా. మా పెదనాన్న చదివి "ఉద్గారమంటే త్రేన్పు కదరా, మున్సిపాలిటీ త్రేన్పులు తగ్గించడమేంటి" అని ఒకటే నవ్వు. పైగా హరితగృహం అంటే చెట్లూ చేమా ఉన్న ఇల్లనుకున్నాడట, అందులోంచి వచ్చేది మంచి గాలేగా ఎందుకు తగ్గించడం అంటాడు. "కర్బన ఉద్గారాలు" అని మార్చేస్తే పోలా? లేకపోతే సింపుల్‌గా "పొగ" అనేద్దామా?

పాత నిఘంటువు:
పెదనాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టండీ. గౄ ధాతువుకి మింగడం అని అర్థం, ముందు ఉద్ చేరితే మింగింది పైకి రావడం, అందుకే పాత అర్థాలు త్రేన్పు, వాంతి. ఆయుర్వేదంలో బలవంతంగా ఆపుకోకూడని వేగాల్లో (తుమ్ము, ఆవలింత లాంటివి) ఉద్గారం కూడా ఒకటి (ఆపకూడనిదాన్ని మనం ఆపమంటున్నాం, అదొక తమాషా). అయితే ఉమ్మడం, కక్కడం లాంటి మాటలు అసలు అర్థంలో వాడితే మోటు, లాక్షణికంగా, అంటే పోలికగా వాడితే ఎంతో అందం అని సంస్కృత అలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో ఎప్పుడో తేల్చేశాడు, కాబట్టి గొట్టం వాయువు కక్కిందంటే తప్పేం లేదు. ఆవుల విషయంలో లాక్షణికం కూడా అక్కర్లేదు, వాటి పొట్టలో పుట్టే మీథేన్ ఎక్కువగా బయటికొచ్చేది త్రేన్పుల్లోనే.

నాకు పడనిది హరితగృహం. ఇంగ్లీషు గ్రీన్‌హౌస్‌లో గ్రీన్ అనేది లోపల పెంచే మొక్కల గురించి, అది మొక్కల కోసం కట్టిన గాజు గది అంతే. ఇప్పుడు మనం హరిత భవనం, హరిత ఇంధనం అని "హరిత"ని మేలు చేసేదానికి గుర్తుగా వాడుతున్నాం కాబట్టి కొత్తగా చదివేవాడు తిరకాసు పడక ఏం చేస్తాడు! అసలు ఆ పోలికే అంత అతకదు, గాజు గది వేడెక్కేది ముఖ్యంగా లోపలి వేడిగాలి బయటికి పోలేక, వాతావరణం వేడెక్కేది భూమి నుంచి పైకి పోయే పరారుణ కిరణాల్ని (కంటికి కనపడని వేడి కిరణాలు) ఈ వాయువులు పట్టేసుకోవడం వల్ల. పొగ మాత్రం వద్దు, కార్బన్ డయాక్సైడూ మీథేనూ కంటికి కనపడవు.

రిటైర్డ్ డ్రైనేజీ ఇంజనీర్:
త్రేన్పైనా పర్లేదు గానీ "కర్బన ఉద్గారాలు" మాత్రం పెట్టకండి సార్, ముఖ్యంగా మున్సిపాలిటీ వాళ్లకిచ్చే పుస్తకంలో. వేడెక్కించే వాయువుల్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న 1997 క్యోటో ఒప్పందంలో లెక్కకి తీసుకున్నవి 6 రకాలు, అందులో నైట్రస్ ఆక్సైడ్‌లో కార్బన్ అనేదే లేదు, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లోనూ లేదు. మీథేన్‌లో ఉంది, కానీ కర్బనం అనగానే సభ్యుడికి గుర్తొచ్చేది బండి సైలెన్సరూ ఫ్యాక్టరీ చిమ్నీ, అవి మా చేతిలో లేవు కదా మేమేం చేస్తాం అని పేజీ తిప్పేస్తాడు. వాళ్ల చేతిలో పూర్తిగా ఉన్నవి రెండు, చెత్త డంపింగ్ యార్డు, మురుగునీరు. తడి చెత్త అంతా ఒకచోట గుట్ట పోస్తే అడుగున గాలాడదు, గాలి అక్కర్లేని బాక్టీరియా దాన్ని తిని వదిలే వాయువులో దాదాపు సగం మీథేన్. ఇది 100 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, 20 ఏళ్ల లెక్కలో 80 రెట్ల దాకా వేడెక్కిస్తుంది, కానీ గాల్లో ఉండేది 12 ఏళ్లు అటూ ఇటూ, అంటే ఇవాళ ఆపితే ఫలితం త్వరగా కనపడేది ఇక్కడే. తడి చెత్త ఇంటి దగ్గరే విడిగా తీసుకుని గాలి తగిలేలా తిరగేస్తూ కంపోస్టు చేస్తే మీథేన్ బాగా తగ్గుతుంది, లేదా మూసిన ట్యాంకులో కుళ్లబెట్టి బయోగ్యాస్ వాడుకోవచ్చు, పాత గుట్టలకైతే పైన మూసి గొట్టాలు దింపి వాయువుని లాగాలి, అలా లాగిన వాయువుని ఊరికే మండించినా గాల్లోకి వదిలేయడం కంటే మేలు. ఇక మురుగు శుద్ధిలో వచ్చే నైట్రస్ ఆక్సైడ్ 100 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు, దాన్ని "కర్బన" అంటే ఎవరికి తడుతుంది చెప్పండి.

అనువాదాల తిప్పలు:
ఇంజనీరు గారూ దణ్ణం, ఈ కోణం తట్టనేలేదు. ఇంకో ముల్లు. ఈ వాయువుల లెక్కల్లో "స్కోప్ 1, స్కోప్ 2" అని వస్తాయి, "పరిధి 1, పరిధి 2" అని రాశా.

రిటైర్డ్ డ్రైనేజీ ఇంజనీర్:
కొంప ముంచారు. మా ఆఫీసు భాషలో పరిధి అంటే ఊరి సరిహద్దు, "మున్సిపల్ పరిధిలో" అని రోజూ రాస్తాం. ఇక్కడ స్కోప్ 1 అంటే సంస్థ నేరుగా వదిలేది, చెత్తబళ్ల డీజిల్ లాంటిది, 2 అంటే కొన్న కరెంటు తయారీలో వచ్చేది, వీధి దీపాలూ నీళ్ల పంపులూ ఇందులోకే, 3 మిగతావన్నీ. పరిధి 2 అంటే పక్క వార్డనుకుంటారు! చైనాలోని షెన్‌జెన్‌లో 2017 చివరికల్లా 16 వేలకు పైగా ఉన్న సిటీ బస్సులన్నీ కరెంటువి చేశారు, మంచి పనే, కానీ ఆ కరెంటు బొగ్గుదైతే 1లో తగ్గింది కొంత 2లోకి దూరుతుంది, అందుకే ఈ తేడా చెప్పడానికి సరైన మాట కావాలి. నేనైతే "సొంతంగా వదిలేది, కరెంటు వెనకాలది, మిగతాది" అని విడమరిచి రాస్తా. పంపుల్ని మర్చిపోకండి, లీకైన ప్రతి బకెట్టూ కరెంటు పెట్టి తోడిందే.

బొగ్గుపులుసు ఫ్యాన్:
కార్బన్ డయాక్సైడ్‌కి చిన్నప్పుడు చదివిన పేరు "బొగ్గుపులుసు వాయువు" ఎవరికైనా గుర్తుందా? ఎంత చక్కటి మాట, బొగ్గు అంటే కార్బన్, పులుసు అంటే ఆమ్లం. ఇంకోటి, కర్బనం 1 టన్ను అంటే కార్బన్ డయాక్సైడ్ 3.67 టన్నులు (అణువుల బరువుల్లో 12కి 44), రెంటినీ "కర్బనం" అనేస్తే లెక్క మూడున్నర రెట్ల పైన తప్పుతుంది.

అనువాదాల తిప్పలు:
సరే ఇలా మార్చా: "మున్సిపాలిటీ నుంచి వెలువడే వేడి పెంచే వాయువులు". కర్బనం తీసేశా, హరితం తీసేశా, స్కోప్ విడమరిచా. టైటిల్‌కి మాత్రం ఒక చిన్న మాట అడుగుతున్నారు.

పాత నిఘంటువు:
వాయు + ఉద్గారాలు, సవర్ణదీర్ఘ సంధి, "వాయూద్గారాలు".

బొగ్గుపులుసు ఫ్యాన్:
అయ్యా అది గ్యాస్ ట్రబుల్ మందు సీసా మీద ఉండాల్సిన పేరండీ.