చనిపోయాక పరిహారానికి జీవోలు ఉన్నాయి, చనిపోకుండా ఆపడానికి ఎందుకు లేవు?

ఓరుగల్లు శ్రీను:
ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నాను. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. తెలంగాణలోనే దాదాపు పదివేల మంది, అంటే లక్ష జనాభాకు 26 మంది, దేశ సగటేమో 12.4. దీని గురించి అసెంబ్లీలో మాట వచ్చేది రైతుల దగ్గర మాత్రమే, అదీ మీ హయాంలో ఎంతమంది, మా హయాంలో ఎంతమంది అనే వాదన. ఇలాంటి చావు జరిగిన ఇల్లు మా వీధిలో ఉంది. ఎన్నికలప్పుడు ఓట్లు అడగడానికి వచ్చిన ఒకాయన్ని, ఇవి జరగకుండా మీరేం చేస్తారని అడిగితే "వాళ్లకి డబ్బులు అందాయి కదా" అన్నారు. అంతే, పక్కింటికి వెళ్లిపోయారు. ఓట్లు రాలవని పట్టించుకోరా, ఏం చేయాలో నిజంగానే తెలియదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కౌలు రైతు కొడుకు:
శ్రీను గారూ, ఆ డబ్బుల్ని మాత్రం తేలిగ్గా తీసేయకండి. మా బాబాయి పోయాక పిన్ని రెండేళ్లు తిరిగింది ఆ పరిహారం కోసం. రైతు ఆత్మహత్య చేసుకుంటే ఇంటివాళ్లకి పరిహారం ఇవ్వడానికి 2004లో 421 జీవో వచ్చింది, దాని ప్రకారం తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి కలిసి మండలంలో విచారణ చేస్తారు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పట్టాదారు పాస్‌బుక్, అప్పు కాగితాలు అన్నీ అడుగుతారు. నోటి మాట మీద కౌలుకు తీసుకున్నవాడికి పాస్‌బుక్ ఎక్కడిది? వడ్డీ వ్యాపారి దగ్గర రాసిన ప్రామిసరీ నోటు వ్యాపారి దగ్గరే ఉంటుంది, అతను ఇవ్వడు. తెలంగాణలో 2018లో రైతు బీమా వచ్చింది, ఎలా పోయినా 5 లక్షలు ఇస్తారు, మంచి పథకమే, కానీ అదీ పాస్‌బుక్ ఉన్నవాళ్లకే.

నా కోపం ఇక్కడే. ఆ ముగ్గురు అధికారులూ మా మండలంలోనే ఉంటారు. పత్తి పోయిన సంవత్సరం, అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఒక్కరూ రాలేదు. మనిషి పోయాక మాత్రం ముగ్గురూ జీపులో వచ్చి "ఈయన నిజంగా వ్యవసాయం చేసేవాడేనా" అని పిన్నిని అడిగారు. ఆ జీపు ఒక ఆరు నెలల ముందు రావాలని ఏ నాయకుడైనా అడిగాడా?

పద్మజ (జూనియర్ కాలేజీ లెక్చరర్):
పిల్లల సంగతీ ఇంతే. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. రిపోర్టులు వచ్చాయి, కాలేజీలు మాత్రం అలాగే నడిచాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఇరవై మందికి పైగా పిల్లలు పోయాక రాష్ట్రమంతా గొడవయింది, తర్వాత సద్దుమణిగింది. చివరికి విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టే మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ మంది చదివే చోట కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. చట్టసభలు చేయాల్సిన పని అది. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో కౌన్సెలర్ అని బోర్డు ఉన్న గదిలో కూర్చునేది ఇంగ్లిష్ సార్, ఆయనకి రోజుకి ఆరు క్లాసులు.

పనికొచ్చేది అసలు లేదని కాదు. ఫెయిలైన వాళ్లకి ఏడాది ఆగక్కర్లేకుండా వెంటనే సప్లిమెంటరీ పెట్టడం చాలా మంది పిల్లల్ని కాపాడుతుందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే రిజల్ట్స్ రోజు సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసే పిల్లకి నేను చెప్పగలిగే మొదటి మాట "వచ్చే నెలలో మళ్లీ రాయొచ్చు" అన్నదే.

నాని 99:
ఎవరేం చేసినా, చావాలనుకున్నవాడిని ఆపలేం అండీ. మనిషికి ధైర్యం ఉండాలి. ప్రభుత్వం ఏం చేస్తుంది?

గుంటూరు డాక్టర్:
నాని గారూ, ఈ మాట చాలామంది అంటారు, నాయకులకి కూడా ఇదే సౌకర్యం. కానీ శ్రీలంకని చూడండి. 1995 ప్రాంతంలో అక్కడ లక్షకు 57 మంది పోయేవాళ్లు. బాగా ప్రమాదకరమైన పురుగుమందుల్ని వరసగా నిషేధిస్తూ వచ్చారు, ఇరవై ఏళ్లలో 17కి తగ్గింది. జనానికి రాత్రికి రాత్రి ధైర్యం వచ్చిందా? ఆ క్షణంలో ప్రాణం తీసేది చేతికి అందకపోతే, ఆ గడియ దాటితే, చాలామంది మళ్లీ ఆ దారి పట్టరు. మా వార్డులో బతికి బయటపడినవాళ్లు ఎక్కువమంది చెప్పేది ఇదే.

శ్రీను గారి ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. అదే 2022 లెక్కల్లో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఉంటే గృహిణులు 25 వేలు దాటారు, దినసరి కూలీలు 44 వేలు దాటారు. వీళ్ల తరఫున అడగడానికి సంఘం లేదు, ధర్నా లేదు. ఆడపిల్ల పోతే ఇంట్లోవాళ్లు పోలీసులకి "కడుపునొప్పి తాళలేక" అని రాయిస్తారు, పేపర్లో అదే వస్తుంది. అసలు కారణమే బయటికి రానప్పుడు నాయకుడు దేని మీద మాట్లాడతాడు? ఇంకొకటి, కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తెస్తున్నారు. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ల మీద కేసు పెట్టే పాత ఐపీసీ 309 సెక్షన్, 2024 జూలైలో దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో లేదు. ఈ సంగతి ఊళ్లలో దండోరా వేయించినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి, అదీ ఎవరూ చేయడం లేదు.

కేంద్రం 2022 నవంబర్‌లో ఆత్మహత్యల నివారణకు జాతీయ వ్యూహం ప్రకటించింది, 2030 నాటికి ఈ మరణాలు 10 శాతం తగ్గాలని లక్ష్యం. మీ ఎమ్మెల్యేని అడగాల్సింది దాన్ని పట్టుకునే: మన జిల్లాలో దానికి ఎంత డబ్బు వచ్చింది, ఎవరు చూస్తున్నారు?

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, డబ్బులు తీసుకోరు, ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడతారు. నాని గారూ, ఇది మీకూ చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ఓరుగల్లు శ్రీను:
డాక్టర్ గారూ, థ్యాంక్స్. 309 తీసేసిన సంగతి నాకే తెలియదు, రేపే మా ఊరి గ్రూపులో పెడతాను. మా జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల పోస్టులు ఎన్ని, అందులో ఖాళీలు ఎన్ని అని ఆర్టీఐ వేస్తున్నాను. పద్మజ గారూ, కాలేజీ కౌన్సెలర్ల గురించి ఇంటర్ బోర్డుకి ఏమని రాయాలో కాస్త చెప్తారా?