పాప బడిలో బాత్రూమ్‌కి వెళ్లడం లేదు, ఏం చేయమంటారు?

మా పాపకి 7 ఏళ్లు. పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం మూత కూడా తీయకుండా తిరిగొస్తోంది. ఇంటికి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి, బూట్లతోనే బాత్రూమ్‌లోకి పరుగు. మొదట్లో నవ్వుకున్నాం. పోయిన నెల జ్వరం వచ్చి, ఒంటేలుకి వెళ్తే మంట అని ఏడిస్తే పరీక్ష చేయించాం. మూత్రంలో ఇన్ఫెక్షన్. నీళ్లు సరిగ్గా తాగకుండా గంటల తరబడి ఆపుకుంటే ఇలా వస్తుందని, మలబద్ధకం ఉంటే మళ్లీ మళ్లీ రావచ్చని డాక్టర్ చెప్పారు. మందుల కోర్సు పూర్తయింది, కానీ సీసా మాత్రం ఇంకా నిండుగానే వస్తోంది.

బుజ్జగించి అడిగితే అసలు సంగతి బయటపడింది. అక్కడ తలుపుకి గడియ పడదట. ఒకసారి ఎవరో తోసుకొచ్చి నవ్వారట. టీచర్‌తో చెప్తే "చూస్తామండీ" అన్నారు. 3 వారాలైంది. ఒక్క గడియ బిగించడానికి!

గట్టిగా అడిగితే ఆ కోపం పాప మీద చూపిస్తారేమోనని నా టెన్షన్. ప్రిన్సిపాల్‌కి రాసి ఇవ్వాలా, లేక మిగతా పిల్లల అమ్మానాన్నలని కూడగట్టుకుని వెళ్లాలా? ఈలోపు పాప భయం ఎలా పోగొట్టాలి? స్నేహితురాలిని తలుపు దగ్గర నిలబెట్టుకోమంటే "ఛీ, సిగ్గమ్మా" అంటోంది. ఇలాంటిది మీ ఇంట్లో జరిగి ఉంటే ఏం చేశారో చెప్పండి.