కాపీ మొదట పరుగు, తర్వాత నత్తనడక... డిస్క్ పోయిందా?

గాజువాక కుర్రోడు: పాత హార్డ్ డిస్క్‌లోని అక్క పెళ్లి ఫోటోలు, వీడియోలు కొత్తదానికి ఎక్కిస్తున్నానండీ. మొదట సెకనుకి 300 ఎంబీ చూపించి కాసేపటికే 30కి పడిపోయింది. టెన్షన్‌గా ఉంది.

ఎంవీపీ కాలనీ: పోలేదు గురూ. ఆ 300 డిస్క్‌ది కాదు, డేటా ముందు ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోకి వెళ్తుంది, అది నిండాకే అసలు స్పీడ్ బయటపడుతుంది. అయినా 30 మరీ తక్కువ, ఏ పోర్టు? యూఎస్‌బీ 2.0 అయితే పేరుకి 480 మెగాబిట్లు, 8తో భాగిస్తే 60 మెగాబైట్లు, చేతికొచ్చేది 35, 40. లోపల నీలం రంగున్న పోర్టుకి పెట్టి చూడు, అది మామూలుగా ఇంకా వేగమైన యూఎస్‌బీ 3.0.

గాజువాక కుర్రోడు: నీలంలో వీడియోలు 110 దగ్గర నిలకడగా వెళ్తున్నాయి! ఫోటోలు మాత్రం 20 దాటట్లేదు.

భీమిలి బాబాయ్: చిన్న ఫైళ్లకి అంతే నాయనా. ఒక్కోదానికీ డిస్క్ లోపలి హెడ్ కదిలి చోటు వెతకాలి, పేరు నమోదు చేయాలి, జగదాంబ దాకా ప్రతి స్టాపులో ఆగే సిటీ బస్సే అనుకో. రాత్రి పెట్టి పడుకో. అయిపోయిందని చూపించగానే కేబుల్ పీకెయ్యకు, ఎజెక్ట్ కొట్టాకే తియ్యి.