ఓరియన్ నెబ్యులాకి ఏ ఫిల్టర్ కొనాలి?

మాది కూకట్‌పల్లి. డాబా మీద 80 ఎం.ఎం. టెలిస్కోప్‌కి కలర్ కెమెరా పెట్టి ఓరియన్ నెబ్యులా (ఆకాశంలో వెలిగే వాయుమేఘం) ఫొటోలు తీస్తున్నాను. వీధిలో ఎల్‌ఈడీ లైట్లు వచ్చాక ఫొటో అంతా పాలు కలిపినట్టు వస్తోంది. ఏ ఫిల్టర్ కొనమంటారు? గురుగ్రహానికీ అదే పనికొస్తుందా?

జవాబు: డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి. నెబ్యులా నుంచి వచ్చే 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపునీ, 501 దగ్గరి ఆక్సిజన్ వెలుగునీ రానిచ్చి మిగతాది దాదాపు ఆపేస్తుంది. సోడియం దీపాల కోసం చేసిన పాత రకం వద్దు. ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, దాన్ని ఆ పాత రకం ఆపజాలదు. నేను అదే కొని డబ్బు పోగొట్టుకున్నాను.

మరో జవాబు: గురుడికి యూవీ ఐఆర్ కట్ (అతినీలలోహిత, పరారుణ కిరణాల్ని ఆపే ఫిల్టర్) చాలండి. గాలి నిలకడగా లేని రాత్రి 685 ఐఆర్ పాస్ (685 నానోమీటర్లు దాటిన పరారుణ వెలుగునే రానిచ్చే ఫిల్టర్) పెట్టి చూడండి. గురుడి మీది మేఘాల పట్టీల అంచులు తేటపడతాయి, రంగు మాత్రం పోతుంది.

అడిగినవారు: చాలా థాంక్సండి. మరి కృత్తికలకి?

జవాబు: అక్కడున్నది నక్షత్రాల వెలుగునే తిప్పికొట్టే ధూళి. డ్యూయల్ బ్యాండ్ పెడితే ఆ ధూళి నీలం రంగు కాస్తా పోతుంది. ఫిల్టర్ తీసేసి, అమావాస్య రోజుల్లో ఊరి బయటికి వెళ్లండి.