ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స తర్వాత నాన్నకు కాళ్ల బరువు, తిమ్మిరి: ఎవరికైనా ఇలా జరిగిందా?

నమస్కారం అండి. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాన్నకు 71 ఏళ్లు. నిరుడు రేడియేషన్ పూర్తయింది. ల్యూప్రోలైడ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి ఇంకా ఇస్తున్నారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ తీరు తెలిపే రక్తపరీక్ష) 0.1 కంటే తక్కువే.

ఉగాది అయిన దగ్గర్నుంచి రెండు కాళ్లూ బరువంటున్నారు, ఇసుక మూటలు కట్టుకుని నడుస్తున్నట్టు ఉందట. ఎడమ కాలు మరీనూ. అరికాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. వాపు లేదు, నొప్పి కూడా పెద్దగా లేదు.

మూత్రం, విరేచనం సరిగ్గా అవుతున్నాయా అని రోజూ అడుగుతున్నాను. క్యాన్సర్ వెన్నెముకకు పాకి నరాలను నొక్కితే కాళ్లు పడిపోవచ్చని, ఆ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. వెన్ను ఎంఆర్ఐలో అలాంటిదేమీ లేదు, దేవుడి దయ. కాళ్ల రక్తనాళాల స్కాన్ (డాప్లర్)లో రక్తం గడ్డ లేదు. విటమిన్ బీ12 నార్మల్.

ఇప్పుడు ఒకరు షుగర్ అంటారు, ఇంకొకరు వయసంటారు. షుగర్ తిమ్మిరి మామూలుగా రెండు పాదాల్లో సమానంగా వస్తుంది కదా, ఒక కాలికే ఎందుకు ఎక్కువుంది? పొత్తికడుపు రేడియేషన్ వల్ల కాళ్లకు వెళ్లే నరాలు నెలలు, ఏళ్ల తర్వాత దెబ్బతినొచ్చని, హార్మోన్ ఇంజెక్షన్‌తో కండ తగ్గుతుందని విన్నాక టెన్షన్ ఇంకా పెరిగింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా? నరాల పరీక్ష, పెల్విస్ ఎంఆర్ఐ చేయించాక కారణం తేలిందా? ఇక్కడి నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించిన వాళ్లుంటే అక్కడ ముందు ఏ విభాగానికి వెళ్లాలో చెప్పండి. నాన్నకు కన్నడ రాదు, తెలుగు మాట్లాడే ఫిజియోథెరపిస్టు ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా?